ఏకాగ్రత – పరధ్యానం

స్టడీ అవర్‌లో మనం ఎక్కువగా వినే మాటలు రెండు. ఒకటి ‘ఏకాగ్రతతో చదవండి’. రెండవది ‘ఏమిటా పరధ్యానం?’. ఈ మాటల అర్థం తెలిస్తే చదువుకునే పద్ధతి కూడా కొంత తెలుస్తుందని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

‘ఏక’ అంటే ఒకటి. ‘అగ్రం’ అంటే కొన. ఏక + అగ్రత = ఏకాగ్రత, సవర్ణదీర్ఘ సంధి. సూదిమొనలాగా మనస్సు ఒకేచోట నిలవడమని అర్థం. పతంజలి యోగసూత్రాలలో కూడా ఈ మాట ఉంది.

దీనికి దగ్గరి మాట తన్మయత్వం. తత్ + మయం = తన్మయం, అనునాసిక సంధి. ‘తత్’ అంటే అది. చూసేదీ వినేదీ తానే అయిపోవడం తన్మయత్వం. లెక్క చేసేవానికి ఏకాగ్రత ఉందంటాము. బుర్రకథ వింటూ అన్నం గంట కూడా వినిపించనివాడు తన్మయుడైనాడంటాము. మొదటిదానికి ప్రయత్నం కావాలి. రెండవది దానంతట అదే వస్తుంది.

ఇక పరధ్యానం. ‘పర’ అంటే వేరైన. కనుక పరధ్యానం అంటే ధ్యానం లేకపోవడం కాదు, అది వేరొకచోట ఉండడం. జూన్‌లో కొత్తగా చేరిన తమ్ముడు పుస్తకం తెరిచి కిటికీ వైపు చూస్తుంటాడు. వాని ధ్యాస ఇంటి మీద, కూలికి వలసపోయిన అమ్మానాన్నల మీద ఉంటుంది. వానికి మనస్సు నిలపడం రాదని కాదు. అది గట్టిగానే నిలిచింది, పుస్తకం మీద మాత్రం కాదు. అటువంటివానిని మొద్దు అనడం అన్యాయం. అలా అంటే కొందరు మూట సర్దుకుని ఇంటికి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు.

ఏకాగ్రతకు చోటు, సమయం కూడా కావాలి. డాక్టర్ అంబేద్కర్ కుటుంబం ముంబైలోని పరేల్‌లో ఒక్క గదిలో ఉండేది. పగలు ఆ సందడిలో చదవడం కష్టం. అందుకే తండ్రి ఆయనను రాత్రి 2 గంటలకు లేపి చదివించేవారని జీవితచరిత్రకారులు రాశారు. 1907లో ఆయన మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ ఏకాగ్రత వెనుక లేపిన తండ్రి కూడా ఉన్నాడు.

మన హాలులోనూ అంతే. పైకి చదివేవారు వరండాలో కూర్చుందాం. కొత్త తమ్ముళ్ళను మన మధ్య కూర్చోబెట్టుకుందాం. ముందు ఇంటి సంగతులు అడిగి, తరువాత పాఠం చెబుదాం. పరధ్యానం అలాగే ధ్యానంగా మారుతుంది.