పేరు ఒక్కటే, సరుకులు రెండు: అంబరు కథ

గిలకలదిండి: వేటకు వెళ్లిన పడవకు నీటి మీద తేలుతూనో, తుపాను వెలిసిన మర్నాడు ఇసుక మీదనో మైనంలాంటి బూడిదరంగు ముద్ద దొరికిందనుకుందాం. "అది అంబరు, లక్షలు పలుకుతుంది" అని చెవిలో ఊదేవారు వెంటనే తయారవుతారు. బజారులో పసుపుపచ్చని పూసలదండ చూపి "ఇదీ అంబరే" అనేవారూ ఉన్నారు. పేరు ఒక్కటే అయినా ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ తేడా తెలియకపోతే ఒకచోట డబ్బు పోతుంది, మరొకచోట జైలుకే పోవలసి వస్తుంది.

గుగ్గిలం వంటిదే

నగల్లో పొదిగే అంబరు రాయి కాదు, చెట్టు నుంచి కారిన బంక. కొయ్యపడవల సందులు పూడ్చడానికి వాడే గుగ్గిలం తెలియనివారు ఈ తీరంలో ఉండరు. అటువంటి బంకే మట్టిలో కోట్ల సంవత్సరాలు కూరుకుపోయి గట్టిపడితే అంబరు అవుతుంది. అందుకే తాకితే రాయిలా చల్లగా ఉండదు, చేతికి తేలికగా ఉంటుంది. కొన్ని ముక్కల్లో ఆనాడు బంకకు అంటుకుపోయిన చీమలు, దోమలు ఈనాటికీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి.

ఐరోపాలోని బాల్టిక్ సముద్రతీరంలో దొరికే అంబరుకు పేరు ఎక్కువ. అది దాదాపు 4 కోట్ల ఏళ్లనాటిది. తేనెరంగుది, వెన్నలా మసకగా ఉండేది అందులో రకాలు. బర్మాలోని హుకాంగ్ లోయలో దొరికేది ఎరుపు తిరిగి ఉంటుంది. దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. మన దేశంలో గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో 5 కోట్ల ఏళ్లనాటి అంబరు, అందులో పురుగులు బయటపడినట్లు శాస్త్రజ్ఞులు 2010లో ప్రకటించారు.

గడ్డిపోచల దొంగ

గుడ్డతో రుద్దితే అంబరు గడ్డిపోచలను లాక్కుంటుంది. సంస్కృతంలో దీనిని తృణమణి అన్నది అందుకే. పారశీకంలో కహ్‌రుబా అంటారు, గడ్డిని దోచుకునేది అని అర్థం. గ్రీకులు ఎలక్ట్రాన్ అన్నారు. నేడు ఇంటింటా వెలిగే ఎలక్ట్రిక్ దీపానికి ఆ పేరు వచ్చింది ఈ పూస నుంచే.

1652లో గోల్కొండ సుల్తాను ఓడ ఎక్కి బందరు రేవులో దిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే తన యాత్రా గ్రంథంలో పసుపు అంబరును గురించి రాశాడు. అది ప్రష్యా తీరంలో సముద్రం ఒడ్డుకు కొట్టే సరుకనీ, దానిని ఏరుకునే హక్కును అక్కడి పాలకుడు గుత్తకు ఇస్తాడనీ తెలిపాడు. అక్కడి జాలరులు తుపాను తర్వాత చలినీళ్లలో దిగి, పొడుగుకర్రల వలలతో పాచితో పాటు అంబరును తోడేవారు. అంతకుముందు ఆ తీరాన్ని ఏలిన ట్యుటోనిక్ యోధుల కాలంలో, దొరికినది దాచుకున్న జాలరికి ఉరిశిక్ష ఉండేది.

లిథువేనియా దేశపు జాలరులు చెప్పుకునే కథ ఒకటి ఉంది. సముద్రం అడుగున అంబరు మేడలో యురాతే అనే దేవత ఉండేదట. ఆమె కస్తీతిస్ అనే జాలరిని ప్రేమించింది. కోపించిన పిడుగుల దేవుడు ఆ మేడను పగలగొట్టాడు. నేటికీ ఒడ్డుకు వచ్చే అంబరు ముక్కలు ఆ మేడవేనని అక్కడివారి నమ్మకం.

ముద్ద అంబరు వేరు

బూడిదరంగు ముద్ద చెట్టుది కాదు, తిమింగలానిది. స్పెర్మ్ తిమింగలం మింగిన కణవల ముక్కులు అరగక, పేగుల్లో పేరుకుని ఇది తయారవుతుంది. అత్తర్లలో వాడడం వల్ల దీనికి అంత గిరాకీ. అరబ్బీలో దీని పేరే అంబర్. ఐరోపావారు అదే పేరును పసుపు పూసకూ తగిలించడంతో ఈ తికమక వచ్చింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో ఈ ముద్దను దగ్గర ఉంచుకోవడం, కొనడం, అమ్మడం నేరం. "సముద్రంలో దొరికింది, దొంగిలించలేదు" అన్న మాట చెల్లదు. దళారి డబ్బు చూపి తప్పుకుంటాడు, సరుకుతో పట్టుబడేది జాలరి. పైగా మైనపు ముద్దనే అంబరని అంటగట్టే మోసగాళ్లూ ఉన్నారు. అటువంటిది దొరికితే అటవీశాఖవారికి తెలిపి అప్పగించడమే క్షేమం.

కొనేముందు

పసుపు పూసలను కొనడం నేరం కాదుగాని మోసం అక్కడా ఉంది. గడ్డిపోచ పరీక్షను నమ్మరాదు, ప్లాస్టిక్కు కూడా గడ్డిని లాగుతుంది. గ్లాసు నీటిలో ఉప్పు బాగా చిక్కగా కలిపి వేస్తే అసలు అంబరు తేలుతుంది. గాజు, బేకలైటు మునుగుతాయి. అయితే కొన్ని రకాల ప్లాస్టిక్కులు, ముదరని బంక కూడా తేలుతాయి కాబట్టి, మునిగితే నకిలీ అని చెప్పవచ్చునే గాని తేలినంత మాత్రాన అసలని నమ్మరాదు. ఖరీదైనదైతే రత్నపరీక్ష చేసే ప్రయోగశాలలో చూపించుకోవాలి. పళ్లు వచ్చే నొప్పి తగ్గుతుందని పసిపిల్లల మెడలో ఈ దండ వేయడం పనికిరాదు. ఆ గుణం రుజువు కాలేదు, పూస గొంతులో అడ్డుపడితే ప్రాణానికే ముప్పు.

చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతటా పేరు పొందాయి. అక్కడ కవరింగ్ నగను కవరింగ్ అనే చెప్పి అమ్ముతారు, కొనేవారికీ తెలుసు. ప్లాస్టిక్ పూసకు అంబరు పేరు పెట్టి, అంబరు ధర అడిగినప్పుడే అది మోసమవుతుంది. పూస అయినా ముద్ద అయినా, పేరు విని చెయ్యి చాపకుండా సరుకేదో తెలుసుకోవడం మేలు.