దొంగకి దెబ్బ తగిలితే దావా వెయ్యొచ్చా?

మొన్న సికింద్రాబాద్‌లో మ్యాట్నీకెళ్ళాం. తెరమీద దొంగ గోడ దూకబోయి కరెంటు తీగ పట్టుకున్నాడు. హాలంతా ఒకటే ఈలలు! నేనూ వేశాను.

ఆట వదిలాక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మా మిత్రుడన్నాడు: "మా గోడకీ అలాంటి తీగే కట్టిస్తా గురూ! దెబ్బ తినేది దొంగేగా, ఏ మొహం పెట్టుకుని కోర్టుకెక్కుతాడు?"

ఎక్కాడు మరి ఒకడు! 1967లో అమెరికాలోని అయోవాలో, పాత సీసాల కోసం పాడుబడ్డ ఇంట్లో దూరాడు. తలుపు తెరవగానే యజమాని అమర్చిన తుపాకీ పేలి కాలు ఛిద్రమైంది. దొంగతనానికి జరిమానా కట్టాడు. కాలికి మాత్రం 30,000 డాలర్లు గెలిచాడు! 1971లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది.

మన విశాఖ జైలు కథ వేరు. గోడమీది కరెంటు తీగ తీయించమని నక్సలైటు ఖైదీలు సుప్రీంకోర్టుకెళ్ళారు. ఖైదీకీ హక్కులున్నాయి గాని, పారిపోయే హక్కు లేదంది కోర్టు, 1974లో.

"చూశావా, తీగ కట్టొచ్చు!" అన్నాడు మావాడు.

ఆగు నాయనా! అది జైలు గోడ. బీహార్‌లో ఒకాయన, పొరుగువాళ్ళు తన పాయిఖానా వాడుతున్నారని కరెంటు తీగ బిగించాడు. పొరుగావిడ తాకి చనిపోయింది. శిక్ష ఆయనకే పడింది. 1963లో సుప్రీంకోర్టు సమర్థించింది.

చీకట్లో వచ్చింది దొంగో, బంతి కోసం గోడెక్కిన పక్కింటి పిల్లాడో తీగకేం తెలుసు?

మావాడు మారు మాట్లాడలేదు. చాయ్ డబ్బులిచ్చి, మంచి తాళం కొందామని రాణిగంజ్ వైపు నడిచాడు.