చంపితే సరిపోదు, దారి దొరకాలి

పోయిన వేసవి సెలవుల్లో ఉప్పలగుప్తంలో మా ఇంటి అరుగు మీద తమ్ముడితో మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఆడుతున్నాను. అసలు కార్డులు కొనే స్తోమత లేదు, అన్నీ కలర్ జెరాక్సులే. వాడు ఏ క్రీచర్‌ని దించినా చంపేస్తున్నాను. ముప్పావుగంటైనా ఆట తేలలేదు. చివరికి వాడు కార్డులు కింద పడేసి, "నన్ను ఆడనివ్వవు, నువ్వూ గెలవవు. ఇంక నీతో ఆడను అన్నయ్యా" అని లేచిపోయాడు. నిజంగానే వారం రోజులు ఆడలేదు.

తెలియనివాళ్ల కోసం: ఇది గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ తయారుచేసిన ఆట, 1993లో వచ్చింది. డెక్‌కి కనీసం 60 కార్డులు. మామూలు ల్యాండ్లు తప్ప ఏ కార్డైనా 4కి మించకూడదు. మొదట చేతిలో 7 కార్డులు, ఇద్దరికీ చెరో 20 ప్రాణాలు. ఎదుటివాడివి సున్నా చేస్తే గెలుపు.

నా డెక్‌లో 22 ల్యాండ్లు, 30 రిమూవల్ కార్డులు, 8 క్రీచర్లే. డూమ్ బ్లేడ్, మర్డర్ లాంటివి క్రీచర్‌ని చంపుతాయి గానీ ఎదుటివాడి ప్రాణాల్లో ఒక్కటీ తగ్గించవు. పది క్రీచర్లని చంపినా తమ్ముడి 20 అలాగే ఉన్నాయి.

ఇదంతా చూస్తున్న తాతయ్య అరుగు మీద సుద్దతో పులి-మేక గీశారు. 3 పులులు, 15 మేకలు. "మేక కనపడిందని మూలకి పోయిన పులి అక్కడే ఇరుక్కుపోద్దిరా. దారికి అడ్డమున్న మేకని తినాలి" అన్నారు.

ఆ మాటని లెక్కలో పెట్టి చూశాను. గాబ్లిన్ గైడ్ ఒక్క మానాకే వస్తుంది, బలం 2, దించిన టర్న్‌లోనే దాడి చేస్తుంది. లైట్నింగ్ బోల్ట్ కూడా ఒక్క మానాయే, క్రీచర్‌కైనా మనిషికైనా 3 దెబ్బలు. ఆట 5వ టర్న్‌లో ముగుస్తుందనుకోండి. 2వ టర్న్‌లో ఒకే ఒక్క క్రీచర్ గైడ్‌కి అడ్డుంది. దాన్ని బోల్ట్‌తో చంపితే ఇంకా 4 దాడులు, అంటే 8 దెబ్బలు. అదే 5వ టర్న్‌లో చంపితే మిగిలేది ఒక్క దాడి, 2 దెబ్బలే. అప్పుడు బోల్ట్ నేరుగా మనిషికి వేస్తే 3.

కాబట్టి నా సూత్రం: మిగిలిన దాడుల్ని మన క్రీచర్ బలంతో గుణించండి. అది 3 కంటే ఎక్కువైతే అడ్డున్నదాన్ని చంపండి, తక్కువైతే మనిషికే వేయండి.

కొత్త డెక్: 20 మౌంటెన్లు, 24 చవక క్రీచర్లు, 16 రిమూవల్. ఆ పదహారూ లైట్నింగ్ బోల్ట్, బర్స్ట్ లైట్నింగ్, షాక్, సియరింగ్ బ్లేజ్. నాలుగూ మనిషికి కూడా తగులుతాయి. ఇంకో లెక్క: ఒక కార్డు 4 కాపీలుంటే మొదటి 7లో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతమే. అదే పని చేసే కార్డులు 8 ఉంటే 65 శాతం. అందుకే మొదటి టర్న్‌లో దాడి చేసే క్రీచర్లు ఒకే రకం పెట్టి ఊరుకోకండి.

దసరా సెలవుల్లో తమ్ముణ్ణి బతిమాలి కూర్చోబెట్టాను. ఒక్కో ఆట పది నిమిషాల్లో తేలిపోయింది. ఐదింట్లో రెండు వాడే గెలిచాడు. ఆరోది కూడా వేద్దామని వాడే అడిగాడు.