తాత చదివితే మనవడు రాసుకున్నాడు

జుమా నమాజు అయ్యాక నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా మస్జిదు మెట్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. సలాములు ముగియగానే మూడు తరాలు మూడు గుంపులవుతాయి.

పెద్దల పెంపకంలో నిజాం కాలపు నీడ ఉంది. 1884లో ఫారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పైచదువులూ ఉర్దూలోనే సాగాయి. కచేరీలో కొలువుకు ఆ భాషే నిచ్చెన. 1948 సెప్టెంబరు తర్వాత ఆ నిచ్చెన జారిపోయింది. అప్పటి తండ్రులు బిడ్డలకు అదబ్‌తోపాటు జంకునూ నేర్పారు. పై అధికారి ముందు కూర్చోరు, జీతం పెంచమని అడగరు. దాన్నంతా మర్యాదే అనుకున్నాం మనం.

నడిమి తరానిది చేతిపని. వెల్డింగు, లారీ స్టీరింగు, ఆ తర్వాత గల్ఫు. వాళ్లకు ఉస్తాదు మాటే చట్టం. చందా ఇస్తారు, మీటింగులో మాట్లాడరు.

కుర్రవాళ్లు తెలుగు, ఇంగ్లీషు మీడియం బిడ్డలు. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో వచ్చిన 4 శాతం రిజర్వేషన్‌తో కాలేజీ మెట్లెక్కినవారు చాలామంది. ఆఫీసులో ‘ఎందుకు’ అని అడుగుతారు, కమిటీని లెక్కలడుగుతారు. జుమా బయాన్ తెలుగులో కావాలంటారు. ఇక్కడే గొడవ. పెద్దలకది ఇంట్లోంచి ఉర్దూను వెళ్లగొట్టినట్టుంటుంది. అర్థం కాని బయాన్‌కు తల ఊపమనడం మాత్రం న్యాయమా?

హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి)కు ఇరవై ఏళ్లయినా నిండకముందే దైవప్రవక్త (సఅసం) సేనాధిపత్యం ఇచ్చారు. కుర్రవాడేమిటని అప్పుడూ గొణిగారు. ఆ సేనలో హజ్రత్ ఉమర్ (రజి) ఉన్నారు. ఖలీఫా అయిన హజ్రత్ అబూబక్ర్ (రజి), ఉమర్‌ను మదీనాలో ఉంచుకోవడానికి ఆ యువకుడి అనుమతి అడిగారు. అడగడంలో ఆయన పెద్దరికం తగ్గలేదు.

మొన్న మా వాడలో ఒక కుర్రవాడు పాత భూమి దస్తావేజు పట్టుకొని తిరిగాడు. అంతా ఉర్దూ. ఇంజినీరింగు చదివినా ఒక్క అక్షరం రాదు. చివరికి, బయాన్ విషయంలో తాను వాదం పెట్టుకున్న పెద్దాయన దగ్గరికే వెళ్లాడు. ఆయన కళ్లజోడు తుడుచుకొని చదివాడు. అతడు నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. సరిహద్దుల దగ్గర ఆగి, "నానా, ఇంకోసారి చెప్పండి" అన్నాడు. ఆయన మళ్లీ మొదటినుంచి చదివాడు.