ఫోనులో పశువైద్యము: హద్దులు, బాధ్యతలు



ఈనిన మరునాటి రాత్రి గేదె పడిపోయినది. మెడను డొక్కవైపు త్రిప్పుకొని పడుకొన్నది. అదిలించినను లేవదు. చెవులు చల్లబడినవి. పశువైద్యశాల దూరముగా ఉన్నది. చేతిలో ఫోను మాత్రము ఉన్నది. ఇట్టి సమయమున మీరేమి చేయుదురు? కొందరు డాక్టరుగారికి ఫోను చేయుదురు. కొందరు మందుల దుకాణమువానిని అడుగుదురు. మరికొందరు ఫోనులో ఎవరో పెట్టిన వీడియో చూచి, అందులో చెప్పిన సీసాను తెప్పించుకొందురు. పైకి ఈ మూడును ఫోను వైద్యమువలెనే కనబడును. కాని మొదటిదానికిని తక్కిన రెండింటికిని చాల భేదము కలదు. ఆ భేదము మీ పశువు ప్రాణమునకు, దాని పాలు త్రాగు పిల్లల ఆరోగ్యమునకు సంబంధించినది. దానిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పశువును చూడకుండ వైద్యము చెప్పుట క్రొత్త సంగతి కాదు. పశువును కొట్టములోనే కట్టివేసి, రైతు ఒక్కడే ఆసుపత్రికి నడచిపోయి, లక్షణములు చెప్పి మందు తెచ్చుకొనుట మన పల్లెలలో చాల కాలముగా ఉన్నది. ఫోను వచ్చిన తరువాత ఆ నడక తప్పినది. ఇప్పుడు ఫొటో, వీడియో కూడ పంపవచ్చును. 1962 అను ఉచిత నంబరుకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము గ్రామమునకే వచ్చు ఏర్పాటు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను మొదలైనది. సౌకర్యము పెరిగినది. సౌకర్యముతోపాటు హద్దులు కూడ తెలిసికొనవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

మన దేశమున పశువైద్య వృత్తికి ఆధారము 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము. దానిలోని 30వ సెక్షను ప్రకారము రిజిస్టరులో పేరున్న పశువైద్యుడు తప్ప మరెవ్వరును పశువైద్యము చేయరాదు. పశువు ఆరోగ్య ధృవపత్రముపై సంతకము చేయుటకు కూడ ఆయనకే అధికారము కలదు. ఈ చట్టములో ఫోను మాట లేదు. కాని రోగమిది అని నిర్ణయించి, మందిది అని చెప్పుట కొట్టములో నిలబడి చేసినను, ఫోనులో చేసినను వైద్యమే గదా! కావున ఫోనులో మాట్లాడువాడు కూడ రిజిస్టరైన వైద్యుడే అయి ఉండవలెను.

అదే సెక్షనులో ఒక వెసులుబాటు కలదు. పశువైద్య సహాయక శిక్షణ పొంది డిప్లొమా లేక సర్టిఫికెట్టు గలవారికి, రిజిస్టరైన వైద్యుని పర్యవేక్షణలో, ఆయన ఆదేశము ప్రకారము చిన్న సేవలు చేయుటకు రాష్ట్ర ప్రభుత్వము అనుమతి ఈయవచ్చును. టీకాలు వేయుట, విత్తులు కొట్టుట, పుండ్లకు కట్టు కట్టుట వంటి ప్రాథమిక సేవలు ఇట్టివి. పెద్ద జబ్బుకు స్వతంత్రముగా వైద్యము చేయు అధికారము వారికి లేదు.

2020 మార్చి 25వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఫోను ద్వారా వైద్యమునకు మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. అవి మనుష్యులకు వైద్యము చేయు డాక్టర్లకు ఉద్దేశింపబడినవి. వానిని పశువులకు అట్లే అన్వయించుకొనరాదు. మనిషి తన బాధను తానే చెప్పుకొనగలడు. పశువు బాధను మీరు చూచి చెప్పవలెను. మీరు చూడనిది ఫోనులోని డాక్టరుకు తెలియదు.

ఫోనునకు అందునవి, అందనివి

మొదట చెప్పిన గేదె సంగతినే తీసికొందము. ఈనిన మూడు రోజులలోపు పశువు పడిపోయి, మెడ త్రిప్పుకొని, ఒళ్ళు చల్లబడినచో అది చాలవరకు పాలజ్వరము కావచ్చును. పేరులో జ్వరమున్నను దీనిలో జ్వరముండదు. రక్తములో సున్నపు ధాతువు, అనగా కాల్షియము, తగ్గుట దీనికి కారణము. ఫోనులో ఈ మాటలు వినగానే డాక్టరుగారు పాలజ్వరమును అనుమానింపగలరు. పశువును ప్రక్కకు ఒరిగిపోనీయక, ఎండుగడ్డి మూటలు ఆనించి రొమ్ముమీద కూర్చుండబెట్టుమని చెప్పగలరు. మ్రింగు శక్తి తగ్గి ఉండును గనుక నోట ఏ మందును పోయవద్దని హెచ్చరింపగలరు. ఇంతవరకు ఫోను మేలు చేయును.

కాని వైద్యము చేయుటకు కాల్షియమును నరమునకు నెమ్మదిగా ఎక్కించుచు, గుండె చప్పుడు వినుచుండవలెను. త్వరపడి ఎక్కించినచో గుండె ఆగిపోవచ్చును. అంతేగాక తీవ్రమైన పొదుగువాపు వలనను, ఈనునపుడు తుంటికి దెబ్బ తగులుట వలనను పశువు ఇట్లే పడిపోవచ్చును. ఆ భేదము పొదుగును, తుంటిని చేతితో తాకి చూచిననే తేలును. కావున ఈ పశువు విషయమున ఫోను చేయవలసిన ముఖ్యమైన పని ఒక్కటే: "డాక్టరు ఇప్పుడే రావలెను" అని తేల్చుట.

కడుపుబ్బరము సంగతియు ఇట్టిదే. ఎడమ డొక్క ఉబ్బినపుడు ముందు కాళ్ళు మెరకమీద ఉండునట్లు నిలబెట్టుమని ఫోనులో చెప్పవచ్చును. కాని తల పైకెత్తి, నాలుక లాగి పట్టుకొని నూనె పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి మరియొక జబ్బు తెచ్చును. ఉబ్బు పెరుగుచు, ఊపిరి కష్టమైనచో ఫోనుమీద కాలము గడుపరాదు.

మూడవ ఉదాహరణ మీ ప్రాణమునకే సంబంధించినది. ఆవు చొంగ కార్చుచు, మేత మ్రింగలేక ఉన్నచో గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు నోటిలో చేయి పెట్టును. అది పిచ్చికుక్క కాటువలన వచ్చిన రేబిస్ కావచ్చును. ఇట్టి పశువు వీడియో చూచిన డాక్టరు మొదట చెప్పు మాట "నోటిలో చేయి పెట్టవద్దు" అని. ఆ ఒక్క మాట కొరకైనను ముందు ఫోను చేయుట మంచిది.

ఈ మూడు ఉదాహరణల వలన ఏమి తేలుచున్నది? డాక్టరు రావలెనా అను నిర్ణయము, వచ్చువరకు చేయవలసినది, చేయరానిది, వైద్యము జరిగిన తరువాత పశువు ఎట్లున్నదో విచారించుట — ఇవి ఫోనులో బాగుగా జరుగును. చేయి పెట్టి చూడవలసిన పరీక్ష, నరమునకు ఎక్కించు మందు, శస్త్రచికిత్స, చూడి పరీక్ష, ధృవపత్రము — వీనికి వైద్యుడు పశువు దగ్గర ఉండవలెను.

ఈ రెండింటికి నడుమ మంచి ఏర్పాటు మరియొకటి కలదు. గ్రామములోని పశుసంవర్ధక సహాయకుడు కొట్టములో నిలబడి, వేడి కొలచి, పొదుగు పిండి చూచి, ఫోనులోని డాక్టరుకు చెప్పి, ఆయన ఆదేశము ప్రకారము తనకు అనుమతించిన పనులు చేయుట. ఇందులో చూచు చేయి దగ్గర ఉండును. బాధ్యత వహించు వైద్యుడు తెలిసి ఉండును.

మందుచీటి లేనిదే మందు వద్దు

ఫోను వైద్యములో అసలు ప్రమాదము మాటలో కాదు, మందులో ఉన్నది. మన ఔషధ నిబంధనల ప్రకారము చీటిమీద అమ్మవలసిన మందులకు చీటి వ్రాతపూర్వకముగా ఉండవలెను. దానిపై వైద్యుని సంతకము, తేదీ, మందు మొత్తము, మోతాదు ఉండవలెను. పశువు మందైనచో పశువు యజమాని పేరు, చిరునామా కూడ ఉండవలెను. "ఫోనులో చెప్పినారు, ఈయండి" అని దుకాణములో అడుగుట చీటి కాదు.

ఈ కట్టుబాటు రైతును కష్టపెట్టుటకు కాదు. డైక్లోఫెనాక్ అను నొప్పి మందు కథ వినుడు. ఆ మందు పొందిన పశువు చనిపోయినపుడు, ఆ కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చినవి. దేశములో రాబందులు దాదాపు అంతరించు స్థితి వచ్చినది. 2006లో పశువులకు దానిని నిషేధించిరి. అయినను మనుష్యుల కొరకు చేసిన పెద్ద సీసాలు పశువులకు వాడుచుండుటచే, 2015లో ఇంజెక్షను సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని నిర్ణయించిరి. అదే కారణమున 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అను మందులను కూడ పశువులకు నిషేధించిరి. మనుష్యుల ప్రాణము నిలుపు కోలిస్టిన్ అను మందును ఆహారమునకు పెంచు పశువులకు, కోళ్ళకు వాడరాదని 2019లో ఆజ్ఞ వచ్చినది. పాత వీడియోలో చెప్పిన మందు నేడు నిషేధములో ఉండవచ్చును. ఆ సంగతి వీడియో చెప్పదు.

పాల విషయము మరువరాదు. సూక్ష్మజీవి నాశక మందులు వాడిన పశువు పాలలోనికి ఆ మందు దిగును. ఎన్ని రోజులు పాలు వాడరాదో మందు పెట్టెమీద ఉండవలెను. ఆ గడువును పరీక్షించి నిర్ణయించని మందులకు 2012 నుండి నిబంధన కలదు: పాలకు, గ్రుడ్లకు 7 రోజులకు తగ్గరాదు, మాంసమునకు 28 రోజులకు తగ్గరాదు. ఫోనులో మందు చెప్పిన వైద్యుని "పాలు ఎన్ని రోజులు ఆపవలెను?" అని తప్పక అడుగుడు. ఆ జవాబు చెప్పనివాని మందు వాడకుడు.

ఇతర దేశముల అనుభవము

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. 2020లో కరోనా వలన రాకపోకలు ఆగినపుడు, పశువును స్వయముగా చూడవలెనను కొన్ని నిబంధనలను అమెరికా కేంద్ర ఔషధ సంస్థ తాత్కాలికముగా సడలించి, 2023లో ఆ సడలింపును తీసివేసినది. ఆ దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024 నుండి వీడియో ద్వారా పశువును చూచుటకు అనుమతించినది. కాని చేయి పెట్టి చూడనిదే సూక్ష్మజీవి నాశక మందును 14 రోజులకు మించి వ్రాయరాదన్నది. బ్రిటనులో 2023 సెప్టెంబరు నుండి ఇట్టి మందులు వ్రాయుటకు, అసాధారణ పరిస్థితులలో తప్ప, పశువును స్వయముగా పరీక్షింపవలెను. దారులు వేరైనను భావమొక్కటే: సలహాకు దారి విశాలముగా ఉండవచ్చును, మందుకు దారి ఇరుకుగా ఉండవలెను.

గ్రామాధికారులకు మనవి

అంటువ్యాధుల విషయమున ఫోను సలహాతో పని ముగియదు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, షెడ్యూలులోని వ్యాధి సోకినదని అనుమానమున్న పశువు యజమాని ఆ సంగతిని గ్రామాధికారికి గాని, పంచాయతీ బాధ్యునికి గాని తెలుపవలెను. వారు దానిని దగ్గరలోని పశువైద్యునికి వ్రాతపూర్వకముగా పంపవచ్చును. గ్రామాధికారి తన పరిధిలోని ప్రదేశమును చూచి వ్యాధి వ్యాప్తిని తెలుపవలెను. జబ్బు పశువును యజమాని మందనుండి వేరు చేయవలెను.

రైతు ఫోనులో సలహా పొంది ఊరకున్నచో ఆ వ్యాధి సంగతి ఊరికి తెలియదు. ఉదాహరణకు పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, ఆసనమునుండి గడ్డకట్టని నల్లని నెత్తురు కారినచో దొమ్మను అనుమానింపవలెను. అట్టి కళేబరమును కోయరాదు, తోలు ఒలువరాదు. ఆ క్రిములు నేలలో పదుల సంవత్సరములు బ్రదికి ఉండును. మనుష్యులకు కూడ సోకును. దూరమునుండి ఫొటో తీసి వెంటనే తెలుపుడు. రోగమును నిర్ధారించుటకు మాత్రము వైద్యుడు రావలసినదే.

ఫోను చేయుటకు ముందు సిద్ధము చేసికొనవలసినవి

1. పశువు జాతి, వయస్సు, చెవి పోగు నంబరు. ఎన్నవ ఈత, ఎప్పుడు ఈనినది, చూడిదా, కాదా.

2. జబ్బు ఎప్పుడు మొదలైనది. మేత, నీరు, నెమరు, పేడ, మూత్రము ఎట్లున్నవి. పాలు ఎంత తగ్గినవి.

3. ఆసనములో థర్మామీటరు పెట్టి చూచిన వేడి. ఆవుకు సాధారణముగా 101.5 డిగ్రీల ఫారెన్‌హీటు ఉండును.

4. ఇంతకుముందు ఎవరు, ఏ మందు, ఎంత వాడిరి. దాచకుండ చెప్పవలెను. ఖాళీ సీసా ఫొటో పంపవలెను.

5. వెలుతురులో తీసిన వీడియో: పశువు నడక, ఊపిరి, రెండు డొక్కలు కనబడునట్లు.

6. మాట్లాడు వైద్యుని పేరు, రిజిస్టరు నంబరు. అడుగుటకు మొగమాటపడకుడు. నిజమైన వైద్యుడు చెప్పుటకు వెనుదీయడు.

7. చెప్పిన మందు, మోతాదు, తేదీ, పాలు ఆపు గడువు ఒక పుస్తకములో వ్రాసికొనుడు. మరునాడు పశువు స్థితిని తిరిగి తెలుపుడు.

చేనికి కంచె వేయుట పైరును బంధించుటకు కాదు, కాపాడుటకే. ఫోను వైద్యమునకు నిబంధనలును అట్టివే. రాత్రివేళ పశువు పడిపోయినపుడు ఫోను తీయుటకు వెనుకాడకుడు. కాని ఆ వైపు మాట్లాడువారు ఎవరో తెలిసికొని, వారు చెప్పినది వ్రాసికొని, రమ్మనవలసినపుడు రమ్మని గట్టిగా అడుగుడు. థర్మామీటరు, ఒక చిన్న నోటుపుస్తకము నేడే కొని కొట్టములో ఉంచుడు. డాక్టరుగారి నంబరును, 1962ను కొట్టపు గోడమీద అందరికి కనబడునట్లు వ్రాయుడు.