చిన్నారుల చేతుల్లో అచ్చులు

మూడేళ్ళ పిల్లవాడికి పెన్సిలిచ్చి పువ్వు గీయమంటే గీయలేడు. అతని వేళ్ళకు ఆ పట్టు ఇంకా రాలేదు. అప్పుడు పెద్దలు తామే పువ్వు గీసి, రంగు నింపమని ఇస్తారు. పువ్వు అందంగానే ఉంటుంది గాని అది పిల్లవాడిది కాదు; తనకు చేతకాదన్న సంగతి మాత్రం అతనికి అర్థమవుతుంది. మన ఇళ్ళలో మరో అడ్డంకి కూడా ఉంది. ప్రాణుల బొమ్మల విషయంలో జాగ్రత్త పాటించే కుటుంబాలు కొన్నిసార్లు చిత్రకళనే పూర్తిగా పక్కన పెట్టేస్తాయి. అంత అవసరం లేదు. బొమ్మలు చేసి జీవించే ఒక వ్యక్తికి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెట్లనూ, ప్రాణం లేని వస్తువులనూ చిత్రించుకోమని సూచించినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. ఆకులు, గింజలు, గళ్ళు, చుక్కలు... పసివాళ్ళకు ఇదే పెద్ద ప్రపంచం.

అచ్చు వేయడం, రుద్ది ముద్ర తీయడం ఈ వయసుకు చక్కగా సరిపోతాయి. రెండింటిలోనూ ఆకారం వస్తువులోనే ఉంటుంది. దాన్ని కాగితం మీదికి రప్పించడమే బిడ్డ పని.

అచ్చుల కోసం కూరగాయలను ప్రత్యేకంగా కొనడం దుబారా. బెండకాయలు తరిగేటప్పుడు తొడిమ వైపు ముక్కలను కాస్త పొడవుగా కోసి ఉంచండి. కోసిన ముఖాన గదుల పువ్వు, పట్టుకోవడానికి తొడిమ. బంగాళాదుంప అయితే కోసిన ముఖాన్ని గుడ్డపై బోర్లించి తడి పోనివ్వాలి, లేకుంటే రంగు పట్టదు. ముక్కను రంగు గిన్నెలో ముంచనివ్వకండి. పళ్ళెంలో తడిగుడ్డ మడతపెట్టి, దానిపై చెంచాడు రంగు పూసి, అందులో అద్దించండి. కాగితం కింద పాత వార్తాపత్రిక పరిస్తే ముద్ర నిండుగా పడుతుంది.

కృష్ణా జిల్లా పెడనలో కళాకారులు చేసేదీ ఇదే. టేకు దిమ్మెను రంగు మెత్తపై అద్ది, బట్టపై ఉంచి, చేత్తో గట్టిగా చరుస్తారు. రూపురేఖలకు ఒక దిమ్మె, లోపలి రంగులకు వేరే దిమ్మెలు. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి ఇరాన్‌కు వెళ్ళిన కలంకారీ వస్త్రాల వారసత్వమిది. ఆ పేరు కూడా పారశీకమే. ఇంట్లో అలాంటి దుప్పటి ఉంటే, దిమ్మె అంచులు ఎక్కడ కలిశాయో పిల్లలతో వెతికించండి. వాళ్ళ కళ్ళు మన కళ్ళకంటే చురుకైనవి.

రుద్దడం కొంచెం కష్టం. ఒక చేయి కాగితాన్ని కదలకుండా పట్టాలి, మరో చేయి రుద్దాలి. నాలుగేళ్ళ లోపు వారికి కాగితాన్ని బల్లకు అతికించి ఇవ్వడమే మేలు. జామాకు ఈనెలు బాగా ఉబ్బి ఉంటాయి. ఈనెల వైపు పైకి పెట్టి, పలుచని కాగితం కప్పి, పైకాగితం తీసేసిన క్రేయాన్‌ను అడ్డంగా పడుకోబెట్టి నెమ్మదిగా రుద్దాలి. మొన మోపితే కాగితం చిరుగుతుంది. ఒక్కొక్క ఈనె పైకి తేలుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. తర్వాత చాప, చేట, నాణెం, గోడ... వారిని ఆపడం కష్టమే! రాతి శాసనాలను చదివే పండితులు కూడా ఇటువంటి పనే చేస్తారు. తడి కాగితాన్ని రాతికి అతికించి, బ్రష్‌తో కొట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు. అరబీ, పారశీక శాసనాల కోసం పురావస్తు శాఖకు నాగపూరులో ప్రత్యేక విభాగమే ఉంది.

ఆరేడేళ్ళ పిల్లలకైతే ఒక చిన్న చిక్కు ప్రశ్న వేయవచ్చు. బంగాళాదుంపపై మీరు చాకుతో చెక్కిన 'అ' కాగితంపై తిరగబడుతుంది. రుద్ది తీసిన నాణెం మీది అంకె తిరగబడదు. ఎందుకో వాళ్ళనే ఆలోచించనివ్వండి. జవాబు వెంటనే చెప్పకండి.

పండుగకు ఈదీ ఇచ్చే కవర్లపై ఈ అచ్చులు ఎంతో ముచ్చటగా ఉంటాయి. రంగులు కొనలేకపోతే పసుపు కలిపిన నీళ్ళు చాలు. చిటికెడు వంటసోడా వేస్తే అది ఎర్రబారుతుంది. కవర్లను మాత్రం ఎండలో ఉంచకండి, పసుపు వెలిసిపోతుంది. పిల్లల బట్టలపై పడిన మరకలకు అదే మందు: ఉతికి ఎండలో ఆరేయండి.