నడుము లేపే గోలి

మిరపకాయ ఏరే రోజులలో ఒక సాయంకాలము మహబూబాబాదులో – మనవారి నోట మానుకోటలో – మందుల దుకాణము ముందు నిలుచుంటిని. నా ముందున్న కూలిమనిషి వైద్యుని చీటీ లేకుండనే ఒక పట్టీ నొప్పి బిళ్ళలు కొన్నది. ఎవరికమ్మా అని అడిగితిని.

"నాకే సారూ. పొద్దుగాల ఒకటి, పొద్దుగూకినంక ఒకటి ఏసుకుంటెనే నడుము లేస్తది. ఐదేండ్లాయె."

ఆమెను ఆక్షేపించు యోగ్యత నాకు లేదు. జనగామలో ఏండ్ల తరబడి నిలుచుండి పాఠములు చెప్పిన మోకాళ్ళకై నేనును రెండేండ్లు ఆ బిళ్ళనే మ్రింగితిని. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగినదని తెలిసిననాడు గాని మానలేదు.

పట్టీ మీది పేరు డైక్లోఫినాక్. చీటీ లేనిదే దీనిని అమ్మరాదని చట్టము. ఆ చట్టము మన ఊళ్ళలో దుకాణపు గడప దాటినట్లు కనబడదు. ఒకప్పుడు పశువులకును విరివిగా ఇచ్చెడివారు. ఆ కళేబరములను తిన్న రాబందులు మూత్రపిండములు చెడి గుంపులు గుంపులుగా రాలిపోయినవి. కారణము ఈ మందేయని 2004లో తేలగా, 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించినది. జటాయువు జ్ఞాతులకు పట్టిన గతి అది! మనిషి దేహము ఆ పక్షి దేహమంత సుకుమారము కాదు. అయినను దెబ్బ తగులు చోట్లలో మూత్రపిండమొకటి.

ఈ జాతి మందుల గుట్టును 1971లో జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విప్పెను. 1982లో నోబెల్ బహుమానమందెను. దేహములో ప్రోస్టాగ్లాండిన్లు అను పదార్థములు పుట్టకుండ చేయుటచే నొప్పి తగ్గును. కాని కడుపు లోపలి పొరను కాపాడునవియు, ఒంట నీరు తగ్గినపుడు మూత్రపిండములకు నెత్తురందునట్లు చూచునవియు అవే. మిట్టమధ్యాహ్నపు మిరపచేనులోనో, భూపాలపల్లి బొగ్గుగనిలోనో చెమటోడ్చి ఒళ్ళెండిన వేళ బిళ్ళ వేసుకొనుట అందుకే మరింత చేటు. రక్తపుపోటు, మధుమేహము గలవారి మాట చెప్పనక్కరలేదు. కడుపైనను మంటతో కొంత మొరపెట్టును. మూత్రపిండము చాలవరకు చెడువరకు నోరు విప్పదు.

పారాసిటమాల్ మేలుగదా అందురు. మితములో మేలే, పెద్దవారికైనను దినమునకు 4 గ్రాములు మించినచో కాలేయమునకు ముప్పు.

ఇంత ఉపన్యాసము ఆమెకు చెప్పలేదు. సర్కారు దవాఖానలో రక్తము, మూత్రము పరీక్ష చేయించుకొమ్మంటిని.

"ఆ దినం కూలి ఎవరిస్తరు సారూ?" అన్నది.

బదులు చెప్పలేకపోతిని. ఆమె పట్టీని కొంగున ముడివేసుకొని ఆటో ఎక్కినది.